కృష్ణా తీరంలో ప్రాచీన ద్రాక్షాసవం

ద్రాక్షపండ్ల రసాన్ని పులియబెట్టి, కొంతకాలం నిలవ ఉంచి తీసే మద్యమే ద్రాక్షాసవం. నేడు పత్తికి, మిరపకు పేరుపడ్డ గుంటూరు, ప్రకాశం మైదానాల్లో దీన్ని తయారుచేసే సంప్రదాయం లేదు. అయినా క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో ఈ ప్రాంతపు సంపన్న వర్గాలకు దానితో పరిచయం ఉండి ఉంటుందని నాగార్జునకొండ శిల్పం, రోమన్ నాణేలు, గ్రీకు నావికుల రాతలు సూచిస్తున్నాయి. ఆనాడు సముద్రం దాటి భారత తీరానికి చేరిన ఆసవానికి విలువ కట్టింది, అది ఏ సీమ తోటలో పండినదన్న పేరును బట్టి.

నాగార్జునకొండ శిల్పం

క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజులకు రాజధాని అయిన విజయపురి, ఇప్పటి పల్నాడు జిల్లాలోని నాగార్జునకొండ లోయలో ఉండేది. 1926లో వెలుగులోకి వచ్చిన ఈ స్థలంలో పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 వరకు తవ్వకాలు జరిపించాడు. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోనున్నందున 1954 నుంచి 1960 వరకు మరింత విస్తృతంగా తవ్వకాలు సాగాయి. రాజప్రాసాదానిదిగా భావించే చోట దొరికిన సున్నపురాతి స్తంభం మీద, పలచని గడ్డంతో, అర్ధనగ్నంగా నిలబడి, కొమ్ము ఆకారపు పానపాత్రను చేతబట్టిన పురుషుడు, పక్కనే మద్యపు పీపా కనిపిస్తాయి. గ్రీకుల ఆసవ దేవత డయోనైసస్ ఇతడేనని పలువురు పండితులు భావించినా, ఆ గుర్తింపు రూపసామ్యం మీద ఆధారపడినదే. అదే ప్రాసాదపు స్తంభాల మీద కుచ్చుటోపీ, పొడవాటి అంగీ ధరించిన శక సైనికుడి రూపం కూడా ఉండటం వల్ల, ఈ శిల్పరీతి శకులు ఏలిన పశ్చిమ భారతం మీదుగా వచ్చిందని అనుకోవచ్చు. ఇక్ష్వాకు శాసనాల్లో ఉజ్జయిని రాజకుమార్తె రుద్రధర భట్టారిక మహాదేవిగా, అంటే రాణిగా, పేర్కొనబడటం ఈ ఊహకు బలం చేకూరుస్తుంది.

నూలు వెళ్లిన దారి, ఆసవం వచ్చిన దారి

క్రీస్తుశకం 1వ శతాబ్దపు గ్రీకు నౌకాయాన గ్రంథం ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’, తూర్పుతీరంలోని ‘మసాలియా’ సీమలో సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. ఈ సీమను చరిత్రకారులు కృష్ణా ముఖద్వార ప్రాంతంగా గుర్తిస్తారు. ఉజ్జయిని సరుకు దిగే రేవైన బరిగజ, అంటే నేటి గుజరాత్‌లోని భరూచ్, దిగుమతుల్లో ఆసవాన్ని అదే గ్రంథం ముందుగా పేర్కొంటుంది. అక్కడ ఇటలీ ఆసవానికి ఎక్కువ గిరాకీ ఉండేదని, లవోదికయ, అరేబియా ఆసవాలు కూడా వచ్చేవని రాసింది. వినుకొండ, ఒంగోలు, నాగార్జునకొండల్లో దొరికిన రోమన్ బంగారు నాణేలు, ధరణికోటలో 1960లలో బయటపడిన రేవు కట్టడం ఈ మైదానం ఆ వర్తకంలో పాలుపంచుకున్నదనడానికి నిదర్శనాలు.

ఆసవం ఆంఫొరాల్లో, అంటే రెండు చెవులు, కోసుగా ఉండే అడుగు గల పొడవాటి మట్టిజాడీల్లో వచ్చేది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో పురావస్తు శాస్త్రవేత్త వీలర్ జరిపిన తవ్వకాల్లో ఇలాంటి జాడీల పెంకులు చాలా దొరికాయి. వాటిలో ఏజియన్ సముద్రంలోని కోస్ దీవి నమూనాకు చెందినవి అధికం. కోస్ ఆసవంలో సముద్రపు నీరు కలపడం ఆనాటి ఆచారం. ఇటలీలోని కంపానియా సీమ జాడీలను, మట్టిలో కలిసిన నల్లని అగ్నిపర్వతపు ఇసుకను బట్టి పోల్చవచ్చు.

సీమ పేరుతో ఆసవాన్ని గుర్తించే పద్ధతి భారతదేశానికి కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం ద్రాక్షరసంతో చేసిన మద్యాన్ని ‘మధు’ అని పిలిచి, పుట్టిన చోటును బట్టి దానికి కాపిశాయనం, హారహూరకం అనే పేర్లు చెప్పింది. వీటిలో మొదటిది నేటి అఫ్గానిస్తాన్‌లోని కపిశకు చెందినది.

ముదురు తీగలు, ఈ నేల

సీమ పేరు ఒక్కటే కాదు, తీగ వయసూ లెక్కలోకి వస్తుంది. ద్రాక్షతీగ ముదిరేకొద్దీ కాపు తగ్గినా, రసం చిక్కబడి ప్రత్యేకమైన రుచి వస్తుందని ఆసవం చేసేవారు నమ్ముతారు. స్లొవేనియాలోని మారిబోర్‌లో 400 ఏళ్లు దాటిన తీగ నేటికీ కాస్తోంది. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో వేళ్లను పీల్చే ఫిలోక్సెరా పురుగు ఐరోపా తోటలను నాశనం చేయగా, అది సోకని దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోస్సా లోయలో 1840లలో నాటిన తీగలు మిగిలాయి.

ఈ నేలలో మాత్రం తీగ తీరు వేరు. శీతల దేశాల్లో చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోయే తీగకు దక్షిణ భారతంలో ఆ విరామం దొరకదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కత్తిరించి దాన్ని కాపుకు తెస్తారు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో అక్టోబరు కత్తిరింపు తర్వాత వచ్చే చిగురు, పూత ఈశాన్య రుతుపవనాల వానల్లో చిక్కి బూజు తెగులుకు లోనవుతాయి. పైగా నీటిని పట్టి ఉంచే నల్లరేగడిలో వేళ్లకు గాలి చాలదు. తెలుగునాట ద్రాక్షకు పేరు తెచ్చినది హైదరాబాదు పరిసరాల్లో పందిళ్ల మీద పెంచిన అనాబ్-ఎ-షాహి రకమే. అదీ ప్రధానంగా తినే పండు.

పరిశోధనావకాశాలు

జాడీ పెంకుల్లో ఇంకిన టార్టారిక్ ఆమ్లాన్ని ద్రాక్షకు గుర్తుగా తీసుకోవడం ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న పద్ధతి. చింతపండులోనూ అదే ఆమ్లం సమృద్ధిగా ఉంటుంది కాబట్టి, ఆంధ్ర స్థలాల్లో ఈ పరీక్ష ఒక్కటే చాలదు. జాడీ మట్టి ఏ సీమదో, దాని లోపలి పూత చెట్టు బంకతో చేసిన కీలా, మెసపొటేమియా జాడీల్లో కనిపించే తారా అన్నది కలిపి చూసినప్పుడే ఆసవం ఎక్కడ నుంచి వచ్చిందో నిర్ధారించడం సాధ్యం.