ఇల్లు లేనివారికి గృహనిర్బంధము

చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ఒకదానినొకటి ఆనుకొనియున్న పేటలు. సినిమాహాళ్లును, త్యాగరాయ గానసభయు, నగర కేంద్ర గ్రంథాలయమును గల ఈ వీథులలో ఉద్యోగార్థులగు యువకులు చిన్న గదులు పంచుకొని పోటీపరీక్షలకు చదువుచుందురు. 2020 మార్చిలో ఇచట సందడి యొక్కసారిగా అణగిపోయెను. ఇంటనే యుండుడని ప్రభుత్వ మాజ్ఞాపించెను. ఆ ఆజ్ఞ అందరి కొక్కటే. దాని వెల మాత్రము అందరి కొక్కటి కాదు.

మన నగరమునకు మహమ్మారులు కొత్తవి కావు. 1908లో మూసీ వరదలు ముంచెత్తెను. 1911లో ప్లేగు చెలరేగెను. ఈ రెండు విపత్తుల పిమ్మట, 1912లో నిజాము ప్రభుత్వము నగరాభివృద్ధి మండలిని నెలకొల్పెను. ఆ మండలి ఇరుకువాడలను తొలగించి, గాలియు వెలుతురును గల యిండ్లు కట్టించెను. మంచి యిల్లు లేనిదే వ్యాధినుండి రక్షణ లేదని ఆనాడే తెలిసినది.

ఆ సత్యము నూరేండ్లకు పైబడి మరల ఎదుట నిలిచెను. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగెను. ఆ సాయంకాలమే రాష్ట్రమున లాక్‌డౌను ప్రకటింపబడెను. 24వ తేదీ రాత్రి ప్రధానమంత్రి 21 దినముల దేశవ్యాప్త నిర్బంధమును ప్రకటించిరి. మరునాడు నగరములోని పలు హాస్టళ్ల యజమానులు గదులు ఖాళీ చేయుడనిరి. వేలకొలది యువతీయువకులు అనుమతిపత్రములకై పోలీసు ఠాణాల ముందు గుమిగూడిరి. పత్రములతో బయలుదేరినవారు ఆంధ్ర సరిహద్దున గరికపాడు చెక్‌పోస్టు వద్ద నిలిచిపోయిరి. అటుపిమ్మట హాస్టళ్లను ఖాళీ చేయింపరాదని తెలంగాణ ప్రభుత్వ ముత్తరువు చేసెను. ఇంటనే యుండుమన్న ఆజ్ఞ మొదటి దినముననే అద్దెగది వానిని వీథిలో నిలబెట్టినది.

చదువుకొన్నవారి గతి యిట్లుండగా, అడ్డాకూలీల మాట చెప్పనేల? ప్రభుత్వము వలసకూలీలకు తలకు 12 కిలోల బియ్యమును, 500 రూపాయలును ఇచ్చెను. అది మేలే. కాని ఆ సొమ్ము రమారమి ఒకనాటి కూలి. అద్దెకు గాని, వంటచెరకుకు గాని చాలదు. కాలినడకను ఊళ్లకు పోయినవా రెందరో! ములుగు ప్రాంతపు మిరపతోటలలో పనికి వచ్చిన 12 ఏండ్ల ఛత్తీస్‌గఢ్ బాలిక మూడు దినములు నడచి, ఏప్రిల్ 18న సొంత ఊరికి చేరువలోనే కన్నుమూసెను. దేశమున తొలి శ్రామిక రైలు మే 1న లింగంపల్లి నుండి ఝార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో కదలెను. అది లాక్‌డౌను మొదలైన 38వ దినము.

మధ్యతరగతియు తప్పించుకొనలేదు. బడులు మూతపడగా ప్రైవేటు ఉపాధ్యాయులు జీతములు కోల్పోయి, కొందరు కూరగాయలమ్మిరి. కొందరు కూలికి పోయిరి. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ప్రకటించెను. అప్పటికి ఏడాది గడచినది.

ఇది మన యొక్కరి కథ కాదు. 2020 ఏప్రిల్–జూన్‌లో భారతదేశపు ఉత్పత్తి అంతకుముందటి ఏటితో పోల్చిన దాదాపు 24 శాతము తగ్గెను. పెరూ దేశమున కఠిన నిర్బంధము విధింపగా, లీమా నగరమునుండి పేదలు రహదారులవెంట నడచి పోయిరి. అయినను ఆ దేశమున మరణములు మిక్కుటమయ్యెను. ఆ యేట ప్రపంచమున సుమారు 7 కోట్లమంది కటికపేదరికమున పడిరని ప్రపంచబ్యాంకు లెక్కగట్టినది.

అట్లని నిర్బంధమే వలదనుట న్యాయము కాదు. మందు తెలియని వ్యాధి. ఆసుపత్రులు సిద్ధపడుటకు వ్యవధి కావలసియుండెను. 2021 మే 12న మరల లాక్‌డౌను విధించినపుడు ఉదయము 6 నుండి 10 గంటలవరకు సడలింపు నిచ్చిరి. తోపుడుబండివారికి ఆ నాలుగు గంటలే అన్నము పెట్టినవి. నిర్బంధమునందును బ్రతుకునకు త్రోవ విడువవచ్చునని ఆ యేర్పాటు తెలిపినది.

మరల అట్టి కాల మెన్నడైన వచ్చునేని, తలుపులు మూయుమను ఉత్తరువుతోపాటు అద్దె, తిండి, ఊరు చేరు సాధనము అను మూటికిని ఉత్తరువులు వెలువడవలెను. ప్లేగు పిమ్మట ఇండ్లు కట్టించిన నగరమునకు ఇది తెలియనిది కాదు.