తాళం ఎవరి దగ్గర ఉంది? పోతన ఫాంటు నుంచి పబ్జీ దాకా

పోయిన వేసవిలో మామిడికాయల సీజన్‌కి మా ఊరు చింతలపూడి వెళ్లాను. అటక మీద ఒక అట్టపెట్టె దొరికింది. అందులో అన్నీ మా నాన్న డీటీపీ షాపు నాటి సీడీలు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు... వాటి మధ్య స్కెచ్ పెన్‌తో ‘నాన్నగారి పుస్తకం, 2003’ అని రాసిన సీడీ ఒకటి. అంటే మా తాతయ్య నోటుబుక్ అన్నమాట. తోటలో ఏ చెట్టు అంటు ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ ఏడు కాపు ఎలా ఉందో తాతయ్య అందులో రాసుకునేవారు. దాన్ని నాన్న టైప్ చేసి పెట్టారు. అసలు నోటుబుక్కుని చెదలు తినేశాయి. తాతయ్య కూడా లేరు. మిగిలింది ఈ సీడీ ఒక్కటే.

ఫ్రెండ్ దగ్గర సీడీ డ్రైవ్ తెచ్చి ఓపెన్ చేశాను. స్క్రీన్ నిండా ఇంగ్లీష్ అక్షరాలు, నెత్తి మీద చుక్కలు, డాలర్ గుర్తులు. ఒక్క తెలుగు ముక్క లేదు. నాన్న వాడిన తెలుగు సాఫ్ట్‌వేర్‌కి కంప్యూటర్ వెనకాల గుచ్చే డాంగిల్ ఒకటి ఉండేది. అది ఉంటేనే తెలుగు వచ్చేది. ఆ డాంగిల్ ఎప్పుడో పోయింది. తాతయ్య రాసింది మా ఇంట్లోనే ఉంది, తాళం మాత్రం మా దగ్గర లేదు.

ఈ ఎపిసోడ్ ఆ తాళం గురించే. ఫోన్‌లో తెలుగు టైప్ చేసేవాళ్లకీ, గేములు ఆడేవాళ్లకీ ఇది ఒకటే కథ. ఎలాగో చెప్తాను.

ముందు, ఆ పిచ్చి అక్షరాలు ఎందుకొచ్చాయి? పాత తెలుగు ఫాంట్లలో చాలావాటికి తెలుగు అక్షరాలకంటూ సొంత సీటు లేదు. ఇంగ్లీష్ అక్షరం కూర్చునే సీటులో తెలుగు బొమ్మని కూర్చోబెట్టేవారు. ఒక కంపెనీ ఫాంటులో ‘క’ ఒక సీటులో ఉంటే, ఇంకో కంపెనీ ఫాంటులో మరో సీటులో ఉండేది. ఆ ఫాంటు తీసేస్తే బొమ్మ పోతుంది, కింద ఉన్న ఇంగ్లీష్ అక్షరం బయటపడుతుంది. అప్పట్లో తెలుగు పేపర్ల వెబ్‌సైట్లు కూడా ఇలాగే ఉండేవి. ఒక్కో పేపర్‌కి ఒక్కో ఫాంటు. గూగుల్‌లో తెలుగులో వెతికితే ఆ వార్తలు దొరికేవి కావు, ఎందుకంటే కంప్యూటర్ లెక్కలో అది తెలుగే కాదు.

దీనికి అసలైన మందు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లో అయినా ‘అ’ నంబరు 3077. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఏ డాంగిలూ అక్కర్లేదు. కానీ నంబరు ఇచ్చినంత మాత్రాన అక్షరం స్క్రీన్ మీదకి రాదు కదా. బొమ్మ గీసిన ఫాంటు కావాలి, టైప్ చేసే పద్ధతి కావాలి, వత్తులూ గుణింతాలూ సరిగ్గా పేర్చే ప్రోగ్రాం కావాలి. తెలుగు మార్కెట్ చిన్నదని పెద్ద కంపెనీలు తొందరపడలేదు. ఆ ఖాళీని నింపినవాళ్లలో చాలామంది తీరిక వేళల్లో పనిచేసిన మామూలు మనుషులు.

కెనడాలో ఉన్న తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన 2000, వేమన 2000 అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున గారు 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాకి పునాది వేశారు. పాత ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ కూడా ఆయన చేసిందే. దాన్ని ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకుంటే ఆ పేపర్ల సైట్లు మామూలు తెలుగులో కనిపించేవి. 2006లో వీవెన్ గారి ‘లేఖిని’ వచ్చింది. ఇంగ్లీష్ కీబోర్డు మీద కొడితే తెలుగు పడుతుంది. ఎంతమంది తెలుగు బ్లాగర్లు అక్కడ మొదటి వాక్యం రాశారో! 2005లో హైదరాబాద్‌లో మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ వాలంటీర్లు మెనూల దగ్గర్నుంచి తెలుగులో ఉండే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమే తయారుచేశారు. కాలేజీ కాలేజీకీ తిరిగి ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో చెప్పారు.

ఇక్కడ ఫ్రీ అంటే ఊరికే వచ్చేది అని కాదు, స్వేచ్ఛ అని. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించినప్పటి నుంచీ ఉన్న గొడవే ఇది. ప్రోగ్రాంని వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు. ఇంగ్లీష్‌లో ఆ ఒక్క మాటకి రెండు అర్థాలుండి తికమక. మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఈ విషయంలో తెలుగే క్లియర్‌గా ఉంది.

ఇప్పుడు గేముల దగ్గరికి వద్దాం. నాన్న షాపు మూసేశాక అదే కంప్యూటర్‌లో నేను వైస్ సిటీ ఆడేవాణ్ణి. బీటెక్ హాస్టల్లో కౌంటర్ స్ట్రైక్ 1.6. ఒక్క ల్యాన్ కేబుల్ కోసం కొట్టుకున్నాం. మరి ఆ గేమ్ ఎలా పుట్టిందో తెలుసా? ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు 1996లో క్వేక్ తెచ్చారు. ఆ ఇంజిన్‌కి లైసెన్స్ తీసుకుని, బాగా మార్చి, వాల్వ్ కంపెనీ 1998లో హాఫ్ లైఫ్ చేసింది. దాన్ని మార్చుకోడానికి కావలసిన సామాను ఆటగాళ్లకే ఇచ్చింది. దాంతో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1999లో కౌంటర్ స్ట్రైక్ అనే మాడ్ చేశారు. తర్వాత వాల్వే దాన్ని కొనుక్కుంది. హాఫ్ లైఫ్ పూర్తి ఓపెన్ సోర్స్ కాదు. తలుపు సగమే తెరిచారు. ఆ సగం తలుపులోంచే ఇంత పెద్ద గేమ్ వచ్చింది.

ఐడీ వాళ్లు తలుపు పూర్తిగా కూడా తీశారు. 1993 నాటి డూమ్ సోర్స్ కోడ్‌ని 1997లో, క్వేక్ కోడ్‌ని 1999లో బయటపెట్టారు. డూమ్‌కి ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. ఇవాళ మీ ఫోన్‌లో ఆడుకోవచ్చు. కాలిక్యులేటర్లలో కూడా ఆడించారు జనం. ఆ కంపెనీ రేపు మూతపడినా ఆ ఆట బతుకుతుంది.

ఇప్పుడు పబ్జీ గుర్తు తెచ్చుకోండి. 2020 సెప్టెంబర్ 2న బ్యాన్ చేసిన 118 యాప్‌లలో ఇదీ ఒకటి, అక్టోబర్ 30న సర్వర్లు ఆగాయి. 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో వచ్చింది. పాత అకౌంట్లు మార్చుకోడానికి గడువు పెట్టారు. 2022 జూలైలో స్టోర్ల నుంచి మళ్లీ మాయం. 2023 మేలో మళ్లీ ప్రత్యక్షం. బ్యాన్ తప్పా ఒప్పా అనేది ఇవాళ్టి టాపిక్ కాదు. నేను చూపించేది ఒకటే: ఈ మొత్తం వ్యవహారంలో, డబ్బులు పెట్టి స్కిన్లు కొన్న ఆటగాడి చేతిలో ఏమీ లేదు. యూబీసాఫ్ట్ వాళ్ల ‘ది క్రూ’ అయితే మరీ అన్యాయం. 2014లో డబ్బులిచ్చి కొన్న గేమ్. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, ఒంటరిగా ఆడే భాగంతో సహా మొత్తం పోయింది. దాని మీద మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. వాళ్లు అడిగేది కోడ్ కూడా కాదు, సర్వర్ ఆపేసినా ఆడుకునే దారి ఒకటి వదలమంటున్నారు, అంతే.

‘అయితే అన్నీ ఓపెన్ సోర్స్ చేసేయాలా అన్నా?’ అని అడుగుతారు. నేను అంత అనను. నేనూ బీజీఎంఐ ఆడతాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బయటికి చూపించని కోడే రాశాను, ఆ జీతంతోనే ఈ కెమెరా కొన్నాను. పెద్ద గేమ్ చెయ్యడానికి వందలమంది ఏళ్ల తరబడి పనిచేయాలి, వాళ్లకి జీతాలు ఎవరిస్తారు? సూపర్‌టక్స్‌కార్ట్, జీరో ఏడీ లాంటి ఓపెన్ సోర్స్ గేములు బావుంటాయి, కానీ పెద్ద స్టూడియోల హంగులతో పోటీపడలేవు. ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక కోడ్‌తో కలిసి, ఐఫోన్లని క్రాష్ చేసింది గుర్తుందా? బయటివాళ్లెవరూ ఆ కోడ్‌లో చెయ్యి పెట్టలేరు, అయినా యాపిల్ కొన్ని రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. ఎందుకంటే ప్రపంచమంతా గోల అయింది. గోల లేని చిన్న తప్పు అయితే? ఒక్క చింతలపూడి డీటీపీ షాపుకే వచ్చిన కష్టమైతే? దానికి కంపెనీ ఎందుకు కదులుతుంది? అక్కడ మనమే చెయ్యి పెట్టుకునే వీలుండాలి.

మా వైపు మామిడికి ఇదంతా పాత సంగతే. టెంక పాతితే చెట్టు మొలుస్తుంది గానీ తల్లి రుచి వస్తుందని నమ్మకం లేదు. చిన్నరసం కావాలంటే చిన్నరసం కొమ్మ తెచ్చి అంటు కట్టాల్సిందే. అంటే ఎవరో ఒకరు కొమ్మ ఇవ్వాలి. నూజివీడు రసాలు ఇన్ని తోటల్లోకి పాకింది అలాగే. బంగినపల్లికి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. పేరుకి రక్షణ ఉంది, అంటు కట్టుకోవద్దని మాత్రం ఎవరూ అనలేదు. ఓపెన్ సోర్స్‌లో కూడా అంతే: ఫైర్‌ఫాక్స్ పేరు మీద హక్కు ఉంటుంది, కోడ్ మాత్రం అందరిదీ.

సరే, తాతయ్య సీడీ ఏమైందో చెప్పాలి కదా. ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌వి. దాని చివరి వెర్షన్ 2001లో వచ్చింది, తర్వాత ఆగిపోయింది. కానీ లిబ్రేఆఫీస్‌కి 2015 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్లు చదవడం వచ్చు. పాత ఫైళ్లలో ఇరుక్కుపోయిన జనం కోసం వాలంటీర్లు రాసిన కోడ్ అది. అందులో తెరిచి అక్షరాలు బయటికి తీశాను. తర్వాత నెట్‌లో ఎవరో సోర్స్‌తో సహా పెట్టిన ఒక కన్వర్టర్‌లో వేశాను. ముప్పావు వంతు తెలుగు వచ్చింది. మిగతా చోట్ల వత్తులు తప్పు, ‘క్ష’ ఉండాల్సిన చోట సున్నా. కోడ్ తెరిచి చూస్తే లోపల ఉన్నది ఒక పెద్ద పట్టిక: ఫలానా సీటులో ఫలానా అక్షరం. నాన్న వాడిన ఫాంటుకి కొన్ని వరుసలు లేవు. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, పాత పెళ్లి కార్డులు ముందేసుకుని, ఒక్కో గుర్తూ పోల్చి నలభై దాకా వరుసలు రాశాను. నాలుగు రాత్రులు పట్టింది. ఆ వరుసలు తిరిగి ఆ కన్వర్టర్ చేసినాయనకే పంపాను, కలిపేసుకున్నారు.

ఐదో రోజు పొద్దున్న నాన్న తన ఫోన్‌లో వాళ్ల నాన్న రాసింది చదివారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత స్క్రీన్ పెద్దది చేసి, ‘ఇక్కడ పొల్లు తప్పు పడింది. నీ కన్వర్టర్ కాదురా, అప్పుడు టైప్ చేసింది నేనే’ అన్నారు.

పుస్తకంలో చివరి రెండు పేజీల్లో కాపు లెక్కలు లేవు. తాతయ్య ఎవరెవరికి ఏ చెట్టు కొమ్మ ఇచ్చారో రాసుకున్న లిస్టు ఉంది. ముప్పై ఒక్క ఇళ్లు. నూతి పక్కన ఉండే చిన్నరసం చెట్టు తుపానుకి పడిపోయి పదేళ్లవుతోంది. లిస్టు ప్రకారం దాని కొమ్మ తొమ్మిది తోటల్లోకి వెళ్లింది. ఈ వానాకాలం నాన్న, నేను ఆ తొమ్మిదిట్లో ఒకదానికి వెళ్లి కొమ్మ అడిగి తెచ్చుకుంటాం.

మీ ఇంట్లో కూడా అలాంటి సీడీలుంటే పారేయకండి. ముందు ఒక కాపీ తీసి పెట్టండి. తర్వాత ఏ ఫాంటో కనుక్కోండి. కన్వర్టర్‌లో వరుసలు తక్కువైతే మీరే కలపండి. నాలాగే ఇంకెవరో వెతుక్కుంటూ ఉంటారు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.