వ్రేళ్ల కొనలపై నాట్యము

1832 మార్చి 12వ తేదీన పారిస్ ఆపెరాలో 'లా సిల్ఫీడ్' అను బాలే నృత్యనాటకము తొలిసారి ప్రదర్శింపబడినది. అందులో గాలిలో మసలే దేవకన్యగా మారీ తాల్యోనీ కాలివ్రేళ్ల కొనలపై నిలిచి నర్తించినది. అంతకుముందే కొందరు అట్లు నిలిచారు గాని, అది గారడీవంటి విన్యాసముగానే ఉండేది. దానిని భావప్రకటనకు సాధనముగా మార్చిన ఖ్యాతి ఈమెదే.

ఆమె తొడిగినది మెత్తని పట్టుచెప్పు. కొనవద్దను, అంచులవెంటను దారముతో దట్టముగా రఫూ చేసేవారు. వేరే ఊతమేమీ లేదు. శరీరభారమంతా మోసినవి పాదము, పిక్క, చీలమండల కండరములే. తండ్రి ఫిలిప్పో తాల్యోనీ వియన్నాలో ఆమెచేత రోజుకు ఆరు గంటలు సాధన చేయించినాడు. కఠినమే గాని, ఆనాడు పాదానికి రక్షణ అదొక్కటే.

శతాబ్దాంతానికి ఇటలీ నర్తకీమణులు కొన గట్టిపరచిన చెప్పులతో రష్యాకు వచ్చారు. వారిలో పియెరీనా లెన్యానీ 1895లో సెయింట్ పీటర్స్‌బర్గులో, 'స్వాన్ లేక్'లో ఒంటికాలిపై వరుసగా 32 చుట్లు తిరిగినది. గుడ్డను, కాగితమును పొరలుగా జిగురుతో అంటించి ఆరబెడితే వ్రేళ్లచుట్టూ గట్టి డిప్ప ఏర్పడును. అడుగున బిరుసైన పట్టీ ఉండును. పాదపు వంపు మిక్కిలి ఎక్కువైన అన్నా పావ్లోవా తన చెప్పులకు గట్టి తోలు అడుగు చేర్పించుకొన్నది. చెమటకు జిగురు మెత్తబడుటచే ఒక్కొక్కప్పుడు ఒక్క ప్రదర్శనకే జత పాడగును. 1993లో వచ్చిన ప్లాస్టిక్ చెప్పులు ఇంకా ఎక్కువకాలము మన్నును.

అయితే గట్టిచెప్పు ఒక ప్రమాదమును కూడ తెచ్చినది. బలములేని పాదము సైతము దానిలో కొంతసేపు నిలువగలదు. బొబ్బలు, ఆనెలు పైకి కనిపించే బాధలే. గోళ్లను తిన్నగా, పొట్టిగా కత్తిరించి, వ్రేళ్లకు ఉన్ని చుట్టి వాటిని చాలవరకు తగ్గించవచ్చును. అసలు భయము లోపలి ఎముకది. రెండవ వ్రేలికి వెనుకనున్న పొడుగు ఎముక మొదట్లో, పదేపదే పడే భారానికి సన్నని చీలిక ఏర్పడును. ఇది బాలే నర్తకులలో ప్రత్యేకముగా కనిపించే గాయము.

పిల్లల ఎముకలింకా ఎదుగుచుండును. అందుచేత సుమారు 11, 12 ఏండ్లకు ముందు జాగ్రత్తగల గురువులు ఈ చెప్పులు తొడగనీయరు. వయస్సు వచ్చినా చాలదు. ఒంటికాలి మునివ్రేళ్లపై వణకక లేచి దిగగలదా అని చూస్తారు. ఎముకపై ఒకేచోట నొక్కితే నొప్పి పుట్టినచో నాట్యము ఆపవలెను. తొలివారాల ఎక్స్‌రేలో చీలిక కనిపించకపోవచ్చును. కనుక వైద్యులు చిత్రముకొరకు వేచియుండక, ముందే ఆ కాలికి విశ్రాంతి విధిస్తారు.