దశబంధం నుంచి నీటి సంఘాల దాకా: తెలుగునాట చెరువుల నిర్వహణ, నీటి వృథా నివారణ

ప్రవేశిక

తెలుగు ప్రాంతంలో చెరువుల చరిత్ర చాలావరకు నిర్మాణాల చరిత్రగానే సాగింది. చెరువును ఎవరు తవ్వించారు, ఎప్పుడు తవ్వించారు, దాని కింద ఎంత భూమి సాగైంది అన్న ప్రశ్నలకే పరిశోధకులు ఎక్కువ ప్రాధాన్యమిచ్చారు. శాసనాలు దాత కీర్తిని ప్రకటించడానికి వేయించినవి కాబట్టి ఇది కొంతవరకు సహజమే. అయితే ఏటా పూడిక తీయకపోతే, తూము సరిగా మూయకపోతే, కట్ట మీద మొలిచిన చెట్లను కొట్టకపోతే ఎంత పెద్ద చెరువైనా కొన్ని తరాల్లోనే నిరుపయోగమవుతుంది. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు నేటికీ నీరు నిలుపుకుంటున్నాయంటే, కట్టించినవారితో పాటు శతాబ్దాలుగా వాటిని కాపాడుతూ వచ్చినవారు కూడా కారణం. నీటి వృథాను అరికట్టే ఆ బాధ్యత ఎవరిపై ఉండేది, దానికి ఆధారమైన ఆదాయం ఎక్కడినుంచి వచ్చేది, ఆ రెండింటి బంధం ఎలా తెగింది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే అంశాలు.

పోరుమామిళ్ళ శాసనం చెప్పిన దోషాలు

కడప జిల్లా పోరుమామిళ్ళలోని క్రీ.శ. 1369 నాటి శాసనం ఈ చర్చకు మంచి ఆధారం. విజయనగర పాలకుడు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళ పాటు పనిచేసినట్లు శాసనం చెబుతుంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, దానికి ఉండకూడని ఆరు దోషాలను కూడా అది పేర్కొంటుంది.

కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు గర్భంలో మిట్ట ఉండటం, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం అన్నవి ఆ ఆరు దోషాలు. వీటిలో మొదటిది నేరుగా నీటి నష్టానికి సంబంధించినది. చివరి రెండూ ఆయకట్టుకూ నీటికీ మధ్య ఉండవలసిన నిష్పత్తిని సూచిస్తాయి. ఆ నిష్పత్తి తప్పితే ఒకచోట పంట ఎండుతుంది, మరొకచోట నీరు నిరుపయోగంగా మిగిలిపోతుంది. మూడో దోషం మాత్రం మట్టికీ రాతికీ సంబంధించింది కాదు, పాలనకు సంబంధించింది. ఇద్దరి ఏలుబడి మధ్య ఉన్న చెరువు విషయంలో వాటా కోసం ఇద్దరూ పోటీపడతారు, మరమ్మతుకు ఎవరూ ముందుకు రారు అన్న అనుభవం ఈ మాట వెనుక ఉన్నదని భావించవచ్చు.

వృథా అంటే ఏది?

గొలుసుకట్టు చెరువుల వ్యవస్థలో ‘వృథా’ అన్న మాటను జాగ్రత్తగా వాడాలి. పై చెరువు అలుగు దూకితే ఆ నీరు వృథా కాదు, కింది చెరువుకు అదే రాబడి. అసలు నష్టం మరోచోట ఉంది. పూడిక పేరుకున్నకొద్దీ చెరువు లోతు తగ్గుతుంది. అంతే నీరు తక్కువ లోతులో ఎక్కువ మేర పరచుకున్నప్పుడు ఆవిరి నష్టం పెరుగుతుంది. తూము బిగువుగా మూతపడకపోతే పంటకు అవసరం లేని వేళల్లోనూ నీరు కారిపోతుంది. కాలువలో పిచ్చిమొక్కలు పెరిగితే తొలి మడి మునిగినా చివరి మడికి నీరందదు. ఈ నష్టాలు ఏవీ ఒక్కరోజులో కనిపించేవి కావు. అందువల్ల వాటిని ఆపడానికి ఒకసారి చేసే పెద్ద మరమ్మతు చాలదు, నిత్యం కనిపెట్టి ఉండే మనిషి కావాలి.

దశబంధం, నీరటి

ఈ అవసరాన్ని తీర్చిన ఏర్పాట్లలో దశబంధం ముఖ్యమైనది. పేరులోనే పదో వంతు అన్న అర్థం ఉంది. చెరువు కట్టించినవారికో, బాగుచేయించినవారికో ఆ చెరువు కింది భూమిలో కొంత భాగాన్ని దశబంధ మాన్యంగా ఇచ్చేవారు. నిర్వహణ బాధ్యత ఆ మాన్యంతో ముడిపడి ఉండేది. చెరువు ఎండితే మాన్యమూ ఎండుతుంది. బాధ్యతనూ స్వప్రయోజనాన్నీ ఒకే నీటికి కట్టివేయడమే ఈ పద్ధతిలోని బలం.

రోజువారీ పని నీరటిది. రాయలసీమలో ఇతణ్ణి నీరుగంటి అంటారు. తూము తెరవడం, మూయడం, మడికి మడికి వంతు చూడడం, కట్టకు గండి పడే సూచన కనిపిస్తే ఊరిని లేపడం అతని విధులు. పంటలో వాటా, కొద్దిపాటి మాన్యం అతని ప్రతిఫలం. అయితే ఈ వ్యవస్థను స్వర్ణయుగంగా చిత్రించడం సరికాదు. పలుచోట్ల ఈ పని కులాన్ని బట్టి వంశపారంపర్యంగా సంక్రమించింది. నీటి వాటాలను నిర్ణయించే అధికారం మాత్రం భూస్వాముల చేతుల్లోనే ఉండేది. చెరువు పని చాలాచోట్ల వెట్టిగానూ మారింది.

వలస పాలన, తదనంతరం

మద్రాసు రాజధానిలో కంపెనీ పాలన తొలి దశాబ్దాల్లో శిస్తు వసూలుపై చూపిన శ్రద్ధ చెరువుల మరమ్మతుపై చూపలేదు. ప్రజాపనుల విచారణ కమిషన్ 1852 నాటి నివేదిక ఈ లోపాన్ని ఎత్తిచూపింది. 1858 నాటి మొదటి చట్టం గ్రామస్థులు ఆనవాయితీగా చేసే చెరువు పనిని చట్టబద్ధమైన బాధ్యతగా మార్చి, చేయనివారి నుంచి ఆ శ్రమ విలువకు రెట్టింపు వసూలు చేయవచ్చని చెప్పింది. ఆనవాయితీకి జరిమానా అవసరమైందంటే ఆ ఆనవాయితీ అప్పటికే బలహీనపడిందని అర్థం. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం మొదలయ్యాక సర్వే, అంచనాలు ఇంజనీర్ల చేతికి వచ్చాయి.

స్వాతంత్ర్యానంతరం తెలంగాణలో 1955, ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి ఈనాం రద్దు చట్టాలు భూసంబంధాలలో అవసరమైన మార్పు తెచ్చాయి. కానీ మాన్యంతో ముడిపడిన నిర్వహణ బాధ్యతకు దీటైన మరో ఆదాయ మార్గం గ్రామంలో నిలదొక్కుకోలేదు. బోరుబావి వచ్చాక స్తోమత ఉన్న రైతుకు చెరువు మీద ఆధారపడే అవసరం తగ్గింది. దానితో చెరువు గురించి ఊళ్ళో గట్టిగా మాట్లాడగలిగిన గొంతు కూడా తగ్గింది.

1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు నిర్వహణ చట్టం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయను చేపట్టి 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. ప్రభుత్వం తవ్వించిన పూడిక మట్టిని రైతులు సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. బాధ్యతనూ ప్రయోజనాన్నీ కలిపే పాత సూత్రమే ఇక్కడ కొత్త రూపంలో పనిచేసింది. అయితే పూడికతీత ఒక విడత పని, తూము కాపలా ప్రతి రాత్రి పని. మొదటిదానికి నిధులు కేటాయించినంత స్పష్టంగా రెండోదానికి మనిషినీ అతని జీతాన్నీ కేటాయించలేదు.

ముగింపు

ఉమ్మడి రాష్ట్రంలో 100 ఎకరాల లోపు ఆయకట్టు ఉన్న చెరువులు పంచాయతీరాజ్ విభాగం కింద, అంతకు మించినవి చిన్ననీటి పారుదల విభాగం కింద ఉండేవి. శిఖం భూముల ఆక్రమణలు రెవెన్యూ శాఖ పరిధిలోకి, చేపల వేలం మరో శాఖ పరిధిలోకి వస్తాయి. వరి రైతు నీరు వదలమంటాడు, చేపలు పెంచేవాడు నిలపమంటాడు. పోరుమామిళ్ళ శాసనకర్త రెండు రాజ్యాల నడుమ చూసిన దోషం నేడు ఒకే ఊరిలో, ఒకే చెరువు చుట్టూ కనిపిస్తున్నది. పాత వ్యవస్థలోని కుల నిర్బంధాన్ని తిరిగి తెచ్చుకోనవసరం లేదు. తూము తాళం ఎవరి చేతిలో ఉన్నదో, ఆ మనిషి కూలి ఎవరు చెల్లిస్తున్నారో ప్రతి ఆయకట్టుదారుడికీ తెలిసి ఉండాలన్న నియమాన్ని మాత్రం ఆ చరిత్ర నుంచి తీసుకోవాలి. ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేని చోట ఎంత పూడిక తీసినా చెరువు మళ్ళీ పూడుతుంది.