మూడు పదిలక్షల యంత్రము

వనపర్తి సంస్థానాధీశుల రాజభవనములో 1959లో పాలిటెక్నిక్ కళాశాల ఆరంభమైనది. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ స్వయముగా వచ్చి దానిని ప్రారంభించినారు. ఆనాడు అందు చేరిన విద్యార్థి లెక్క చేయవలసివచ్చినప్పుడు లాగరిథముల పట్టిక తెరచేవాడు, లేక స్లైడ్ రూలు జరిపేవాడు. ఒక మనిషికి ఒక కంప్యూటరు ఉండునని ఎవరైనా చెప్పినచో ఆ విద్యార్థియే కాదు, ఆయన గురువు కూడ నవ్వి ఊరకుండేవాడు.

ఇంచుమించు ఆ రోజులలోనే మరొక తెలుగు యువకుడు ఆస్ట్రేలియాలో చదువుచున్నాడు. ఆయన పేరు దబ్బల రాజగోపాల రెడ్డి. లోకమునకు రాజ్ రెడ్డి అని చెప్పిన గాని తెలియదు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో వ్యవసాయ కుటుంబమున పుట్టినారు. ఆ ఇంట కళాశాల మెట్లు ఎక్కినవారిలో ఆయనే మొదటివారు. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో పట్టము పొంది న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళినారు. అక్కడ ఆయన చూచిన కంప్యూటరు పేరు డ్యూస్. అది నిర్వాత నాళికలతో నిండిన పెద్ద యంత్రము. ఆ యంత్రము ముందు నిలిచిన ఆయన, తరువాతి నలుబది ఏండ్లలో సొంత కంప్యూటరును గూర్చి చెప్పిన మాటలలో ఏవి నిలిచినవి, ఏవి నిలువలేదు అనునదే ఈ వ్యాసమునకు విషయము.

మొదట ఇతరుల జోస్యములను ఒకటి రెండు చూతము. అమెరికాలోని పాపులర్ మెకానిక్స్ పత్రిక 1949లో, 30 టన్నుల బరువుగల నాటి యంత్రము ముందుముందు ఒకటిన్నర టన్నులకు దిగవచ్చునని వ్రాసినది. ఆ పత్రికను నేడు పరిహసించుట సులభము. కాని వారు ఊహించినది నాళికలు తగ్గుటను మాత్రమే, నాళికయే పోవుననుకొనలేదు. ట్రాన్సిస్టరు అప్పటికి పుట్టి రెండేండ్లయినను నిండలేదు. ఇక ప్రపంచమునకు అయిదు కంప్యూటర్లు చాలునని ఐ.బి.ఎం. అధిపతి వాట్సన్ అన్నాడని ప్రతి వక్తయు చెప్పును. అన్నట్లు ఆధారము లేదు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చెప్పకుండుట మేలు.

1965లో గోర్డన్ మూర్ వ్రాసిన వ్యాసము వేరు విధమైనది. సిలికాన్ ముక్కపై అమర్చు భాగముల సంఖ్య ఏటేట రెట్టింపగుచున్నదనియు, 1975 నాటికి 65,000 కు చేరుననియు ఆయన లెక్క కట్టినాడు. ఇండ్లలో వాడు కంప్యూటర్లు వచ్చునని కూడ అందులో వ్రాసినాడు. ఆ వ్యాసమునకు వేసిన హాస్యచిత్రములో దుకాణదారుడు సౌందర్య సామగ్రి బల్ల దాపున చిన్న కంప్యూటర్లను అమ్ముచుండును. అనగా రచయిత గంభీరముగా చెప్పిన మాటను చిత్రకారుడు నవ్వులాటగా తీసికొన్నాడు!

మన దేశములో అప్పటికి కంప్యూటరన్న పెద్ద సంస్థలకే. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడినది, దాని సారథి డాక్టరు ఎ.ఎస్. రావు తెలుగువారే. 1969లో వచ్చిన టి.డి.సి. 12 అను యంత్రము పదముకు 12 ద్విసంఖ్యాస్థానములు గలది. అనగా ఒక్క పదములో అది వ్రాయగల అతి పెద్ద సంఖ్య 4,095.

ఇక రాజ్ రెడ్డి గారి కథకు వత్తము. ఆయన 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొంది, 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో చేరినారు. 1980 ప్రాంతములో ఆయనయు సహచరులును ఒక చిన్న సూత్రము చెప్పినారు. శాస్త్రజ్ఞుని బల్లమీద ఉండదగిన కంప్యూటరుకు మూడు పదిలక్షలు ఉండవలెను: పదిలక్షల బైట్ల జ్ఞాపకము, తెరపై పదిలక్షల చుక్కలు, సెకనుకు పదిలక్షల ఆదేశముల వేగము. ఇంగ్లీషులో మూడింటికిని మొదట 'మెగా' అనునది వచ్చుటచే దీనికి త్రీ ఎం అను పేరు నిలిచినది. నాలుగవదియు ఉన్నదని చమత్కరించేవారు: వెల పదిలక్షల సెంట్లు మించరాదు. పదిలక్షల సెంట్లన్న 10,000 డాలర్లు.

ఈ కోరిక ఎంత పెద్దదో తెలియవలెనన్న ఆనాడు అంగడిలో ఉన్న యంత్రమును ప్రక్కన పెట్టవలెను. 1977లో వచ్చిన ఆపిల్ టూ తెరపై అడ్డముగా 280, నిలువుగా 192, మొత్తము 53,760 చుక్కలు. జ్ఞాపకము ఎంత పెంచినను తొలినాళ్ళలో 48 కిలోబైట్లు. త్రీ ఎం కోరినది తెరలో పద్దెనిమిది రెట్లకు మించెను, జ్ఞాపకములో ఇరువది రెట్లు దాటెను.

విద్యార్థులు ఒక లెక్క చేయవచ్చును. ఒక్కొక్క చుక్క నలుపో తెలుపో అయినచో దానికొక ద్విసంఖ్య చాలును. పదిలక్షల చుక్కలకు పదిలక్షల ద్విసంఖ్యలు, ఎనిమిదిచే భాగింపగా 1,25,000 బైట్లు. కోరిన జ్ఞాపకములో ఎనిమిదవ వంతు తెరకే పోవును. నేటివలె చుక్కకు 24 ద్విసంఖ్యల రంగు కావలెనన్నచో 30 లక్షల బైట్లు పట్టును. ఉన్న జ్ఞాపకమంతయు ధారపోసినను చాలదు. ఆనాటి తెరలు నలుపు తెలుపులుగా ఉండుటకు కారణము అభిరుచి కాదు, ఈ భాగహారము.

గమనింపవలసినదేమనగా, రెడ్డి గారి బృందము ఏమి జరుగునని చెప్పలేదు. ఏమి కావలెనో చెప్పి, వెల దానంతట అది దిగునని నమ్మినది. 1988లో స్టీవ్ జాబ్స్ విద్యాసంస్థలకై నెక్స్ట్ అను యంత్రము తెచ్చినప్పుడు అతని ఎదుట ఉన్న కొలత ఇదియే. దాని జ్ఞాపకము 8 మెగాబైట్లు. తెర 1120 చే 832, అనగా 9,31,840 చుక్కలు. పదిలక్షలకు కొంచెము తక్కువ. వెల 6,500 డాలర్లు.

1994లో రెడ్డి గారికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ బహుమానము లభించినది. ఆ సందర్భపు ఉపన్యాసములో ఆయన మరల అంకెలతో మాట్లాడినారు. 2000 నాటికి గిగా, 2015 నాటికి టెరా, 2030 నాటికి పెటా కంప్యూటరు సామాన్యుని చేతికి వచ్చునన్నారు. సెకనుకు క్రియలు వరుసగా వంద కోట్లు, లక్ష కోట్లు, పది కోట్ల కోట్లు. 2000 మార్చిలో వంద కోట్ల స్పందనల చిప్పులు అంగడికి వచ్చినవి. టెరా గడువుకన్న ముందే వచ్చినది, కాని ఎదురుచూచిన ద్వారమున కాదు: 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4 అను ఆటయంత్రములోని చిత్రణ చిప్పు సెకనుకు 1.84 లక్షల కోట్ల క్రియలు చేయగలిగినది. పిల్లల ఆట కొరకు!

తప్పిన జోస్యము కూడ చెప్పవలెను. 2004లో రెడ్డి గారు పి.సి.టి.వి.టి. అను పెట్టెను తలపెట్టినారు. కంప్యూటరు, టెలివిజను, వీడియో, టెలిఫోను అన్నియు ఒకటే, టి.వి. రిమోటుతో నడుచును, అక్షరము రానివానికి బొమ్మయు మాటయు దారి చూపును. అనుకొన్న వెల 250 డాలర్లు, అప్పటి లెక్కలో సుమారు 11 వేల రూపాయలు. ఆ పెట్టె మన ఊళ్ళకు రాలేదు. బీదవాని కంప్యూటరు టి.వి. వైపునుండి కాక జేబు ఫోను వైపునుండి వచ్చినది. 2017లో జియో ఫోను 1,500 రూపాయల ధరావతుకు లభించినది.

అయితే పెట్టె తప్పినను దాని వెనుక ఉన్న ప్రశ్న తప్పలేదు. 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతములో 2011 జనగణన నాటికి చదువ నేర్చినవారు సుమారు సగము మందే. మిగిలిన సగమునకు మీటల పలక ఎందుకు? రెడ్డి గారి తొలి పరిశోధనయే యంత్రముచే మాట వినిపించుట. 1976లో ఆయన శాఖలో రూపొందిన హార్పీ అను కార్యక్రమము 1,011 పదములను గుర్తింపగలిగినది. అందలి ఉపాయము సులభమే. గద్వాలనుండి నాగర్‌కర్నూలు చేరుటకు దారులు అనేకము. అన్నిటిని చివరి వరకు నడచి చూచుట కాని పని. ప్రతి కూడలివద్దను మేలుగా తోచు కొన్ని దారులనే ఉంచుకొని తక్కినవి విడువవలెను. పదముల దారిలో ఇట్లు వెదకుటకు బీమ్ సెర్చ్ అని పేరు పెట్టినది రెడ్డి గారే.

2017లో గూగుల్ తెలుగు మాటను అక్షరముగా మార్చు వసతి కల్పించినది. ఈనాడు గద్వాల బస్సు స్టాండులో అవ్వ మనుమని ఫోనును నోటికెత్తి ఎవరినో వెదకుచుండుట నేను చూచినాను. మొదటిమారు అది వినలేదు. రెండవమారు ఆమె తన మాట విడిచి, టి.వి.లో వినిన మాటవంటి మాట పలికినది, అప్పుడు విన్నది. యంత్రము ఆమె వద్దకు వచ్చుటకు బదులు ఆమెయే యంత్రమువద్దకు నడచినది. ఇది రెడ్డి గారు కోరినది కాదు. మన వైపు పలుకులో ఉర్దూ కలియును, రాయచూరు దాపున కన్నడము కలియును. అట్టి పలుకు యంత్రమునకు నేర్పిన నమూనాలలో ఎంత ఉన్నదో అంతే అది వినగలదు.

దీనిని బడిలోనే కొలువవచ్చును. ఇంట మాట్లాడు తీరున వంద పదముల సంభాషణ ఒకటి విద్యార్థిచే ఫోనులో చెప్పించవలెను. ఫోను తప్పుగా వ్రాసినవి, విడిచినవి, లేనివి చేర్చినవి కూడవలెను. వచ్చిన మొత్తమే నూటికి తప్పుల లెక్క. పిమ్మట అదే సంభాషణను పాఠ్యపుస్తకపు భాషలోనికి మార్చి మరల కొలచి, రెండు అంకెలను నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాయవలెను.