హైదరాబాద్ - విజయవాడ: విమానంలో గంటే.. మరి ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే?

హైదరాబాద్ నుంచి విజయవాడకు ఎంత దూరం? ఎందులో వెళ్తే తొందరగా చేరతాం? పండగ దగ్గర పడుతుందంటే చాలామంది ఫోన్‌లో వెతికేది ఇదే. నేరుగా గీత గీసి కొలిస్తే ఈ రెండు నగరాల మధ్య దాదాపు 250 కిలోమీటర్లు. 65వ నంబర్ జాతీయ రహదారి మీద వెళ్తే 275 కిలోమీటర్ల వరకు వస్తుంది. అంటే తేడా పాతిక కిలోమీటర్లే!

విమానం టైమ్ సుమారు గంట. అయితే అసలు లెక్క అక్కడ మొదలవదు. గంట ముందే చెకిన్ కౌంటర్ మూసేస్తారు కాబట్టి గంటన్నర, రెండు గంటల ముందే శంషాబాద్‌లో ఉండాలి. సికింద్రాబాద్ వైపు వాళ్లకు ట్రాఫిక్‌లో అక్కడికి చేరడానికే గంట దాటుతుంది. దిగేది కూడా విజయవాడలో కాదు, 20 కిలోమీటర్ల దూరంలోని గన్నవరంలో. లగేజీ, క్యాబ్ అన్నీ కలిపితే ఇంటి నుంచి ఇంటికి నాలుగు గంటల పైమాటే.

కారులో ఎంత? ఎల్బీ నగర్ నుంచి మధ్యలో టీకి ఆగినా నాలుగున్నర నుంచి ఐదు గంటలు. బస్సుకు ఇంకో గంట వేసుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్, హయత్‌నగర్ వాళ్లకైతే ఫ్లైట్ దండగే. వాళ్లు శంషాబాద్ వెళ్లి సెక్యూరిటీ చెక్ దాటి కూర్చునే టైమ్‌కి, అప్పుడే బయల్దేరిన కారు సూర్యాపేట దగ్గర ఉంటుంది. అది దాదాపు సగం దూరం! గచ్చిబౌలి వాళ్ల సంగతి వేరు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట వెళ్లి హైవే ఎక్కాలన్నా మధ్యలో తగిలేది శంషాబాదే. వాళ్లకు విమానంలో కొంత టైమ్ కలిసొస్తుంది.

ఇంట్లో ఎవరికో బాగోలేదని అర్ధరాత్రి ఫోన్ వస్తే మాత్రం లెక్కలేం అక్కర్లేదు. పొద్దున ఫ్లైట్ కోసం ఎదురుచూసే కన్నా, నిద్రమత్తు లేని డ్రైవర్ దొరికితే కారే నయం.

సంక్రాంతికి ఈ అంచనాలన్నీ తారుమారు. పంతంగి టోల్‌గేట్ దగ్గరే బండ్లు బారులు తీరతాయి. తర్వాత కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు ఎలాగూ ఉన్నాయి. గుంటూరు వైపు వెళ్లేవాళ్లు నార్కట్‌పల్లి దగ్గర మిర్యాలగూడ రూట్‌లోకి తిరిగితే విజయవాడ రద్దీ తప్పుతుంది. ట్రైన్ టికెట్ దొరికితే ఇంకా హాయి. 2023 సంక్రాంతికి మొదలైన సికింద్రాబాద్ - విశాఖ వందే భారత్ సుమారు నాలుగు గంటల్లో విజయవాడ చేరుస్తుంది. పైగా దిగేది ఊరి మధ్యలో.

వానాకాలంలో ఇంకో ఇబ్బంది ఉంది. 2023 జూలైలో మున్నేరు వరద నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదకు రావడంతో రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబర్‌ మొదట్లోనూ అదే పరిస్థితి. కాబట్టి భారీ వర్షాలు పడుతుంటే బయల్దేరే ముందు మున్నేరు సంగతి ఒకసారి కనుక్కోండి.