తెరకు కళ్ళు వచ్చిన కథ

ఐఫోను రాకముందు తెరను వేలితో తాకి పని చేయించుకోవడమన్నది లోకానికి తెలియదని మొన్న మా మేనల్లుడు వాదించాడు. కాదని చెప్పబోతే నవ్వాడు. ఆ అపోహ వాడొక్కడిదే కాదు గనుక, వాడికి చెప్పిన సమాధానాన్నే కాస్త విస్తరించి ఇక్కడ రాస్తున్నాను.

వేలు తాకినప్పుడు గాజు కింది విద్యుత్ క్షేత్రంలో కలిగే మార్పును నేటి ఫోన్ల తెరలు పసిగడతాయి. ఈ పద్ధతిని ఇంగ్లండులోని మాల్వెర్న్ రాడారు పరిశోధన సంస్థలో పనిచేసిన ఇ. ఎ. జాన్సన్ 1965లోనే ప్రకటించాడు. నాకు అంతకంటె ఆసక్తి కలిగించేది దాని దాయాది. అది వేలిని విద్యుత్తుతో కాక వెలుగుతో కనిపెడుతుంది. అంటే, చూడగలిగే తెర.

మొదట్లో ఆ కన్ను తెరలో లేదు, మనిషి చేతిలో ఉండేది. ఐవాన్ సదర్లాండ్ 1963లో ఎం.ఐ.టి.కి సమర్పించిన ‘స్కెచ్‌ప్యాడ్’లో తెరపై గీతలు గీయడానికి వాడినది లైట్ పెన్ను. పేరులో వెలుగు ఉన్నా అది వెలుగును చిమ్మదు, తెరపై వెలిగే చుక్కను చూస్తుంది. ఏ చుక్కను వెలిగించినప్పుడు కలం చూసిందో గమనిస్తే కలం ఎక్కడున్నదో కంప్యూటరుకు తెలిసిపోతుంది.

కన్ను తెర చట్రంలోకి చేరిన కథ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానిది. అక్కడ డొనాల్డ్ బిట్జర్ బృందం 1960 నుంచి ‘ప్లేటో’ అనే కంప్యూటరు బోధనా వ్యవస్థను నిర్మిస్తూ వచ్చింది. టీవీ గొట్టంపై బొమ్మ నిలవాలంటే దాన్ని క్షణక్షణం తిరిగి గీయాలి. అందుకు మెమరీ కావాలి. ఆనాడు మెమరీ మహాప్రియం. అందుకని బిట్జర్, జీన్ స్లోటో, వారి విద్యార్థి రాబర్ట్ విల్సన్ కలిసి 1964లో ప్లాస్మా తెరను కనిపెట్టారు. అందులో ఒకసారి వెలిగించిన చుక్క ఆర్పేదాకా దానంతట అదే వెలుగుతూ ఉంటుంది. 1972 నాటి ప్లేటో-4 యంత్రాల్లో నారింజ రంగున మెరిసే 512 × 512 చుక్కల తెర ఉండేది. అది పారదర్శకం కూడా. వెనకనుంచి స్లైడు బొమ్మలను దానిపైకి ప్రసరింపజేసేవారు.

ఆ తెర అంచుల్లోనే పరారుణ దీపాలనూ, వాటికి ఎదురుగా కాంతి గ్రాహకాలనూ అమర్చారు. కంటికి కనబడని కిరణాలు నిలువుగా పదహారు, అడ్డంగా పదహారు, తెర ముందు వల అల్లినట్టు పరుచుకుని ఉండేవి. వేలు పెట్టిన చోట ఒక నిలువు కిరణం, ఒక అడ్డ కిరణం తెగుతాయి. 256 గడుల్లో ఏ గడిని చూపారో దానితో తేలిపోతుంది. నిజానికి గాజును తాకనక్కరలేదు, దగ్గరగా వేలు పెడితే చాలు. గడులు మోటువే, సందేహం లేదు. కాని అక్షరాలు ఇంకా కూడబలుక్కునే పిల్లవాడు టైపు చేయకుండానే తన జవాబును వేలితో చూపగలిగాడు. లేఖినిలో ఒక్కొక్క మీటే వెతుక్కుంటూ తొలి తెలుగు టపా రాసిన మిత్రులకు ఆ వెసులుబాటు విలువ వేరే చెప్పాలా!

1983లో హ్యూలెట్-ప్యాకార్డ్ తన హెచ్‌పీ-150 కంప్యూటరుతో ఇటువంటి వలనే కార్యాలయాల బల్లలపైకి తెచ్చింది. చట్రంలోని సన్నని రంధ్రాల్లో దుమ్ము చేరి కిరణాలకు అడ్డుపడేది. అంతకన్నా పెద్ద చిక్కు భుజానిది. నిలువు తెర ముందు చేయి చాచుకుని ఎంతసేపని కూర్చోగలం?

2007 మే నెలలో, అంటే ఐఫోను దుకాణాలకు రావడానికి ఒక నెల ముందు, మైక్రోసాఫ్టు తెరనే బల్లగా పడుకోబెట్టి ‘సర్ఫేస్’ అని పేరుపెట్టింది. 30 అంగుళాల తెర, దాని కింద అయిదు పరారుణ కెమెరాలు. భుజంనొప్పి తీరింది గాని, కెమెరాల కోసం బల్ల లోతైన పెట్టెలా తయారైంది. కెమెరాలను తీసేసి కన్నును పిక్సెళ్ళ మధ్యనే పొదగడం తరువాతి మెట్టు. 2009లో షార్ప్ ఒక చిన్న ల్యాప్‌టాపులో మౌసు పలకకు బదులుగా అటువంటి బుల్లి తెరను అమర్చింది. 2012లో శాంసంగ్ ఎస్‌యూఆర్-40 అమ్మకానికి వచ్చింది. 40 అంగుళాల తెర, మందం నాలుగు అంగుళాలే. లోపలినుంచి వచ్చే పరారుణ కాంతి తెరపై ఆనిన వస్తువుకు తగిలి, వెనక్కి మళ్ళి గ్రాహకాలపై పడుతుంది. వేలినే కాదు, అరచేతినీ, బల్లపై పెట్టిన గ్లాసునూ ఆకారంతో సహా అది చూడగలదు.

ఆ చూపే దానికి శత్రువైంది. కిటికీలోంచి పడే ఎండలోనూ, హాలోజన్ దీపంలోనూ పరారుణం పుష్కలం. గదిలో వెలుతురు ఎక్కువైతే ఏది వేలో, ఏది వెలుగో తెలియక తెర తికమకపడేది. ఫోనును ఎండలోకి తీసుకువెళ్ళక తప్పదు గదా! జాన్సన్ పద్ధతి గెలవడానికి ఇదొక్కటే కారణమనను గాని, ఇది చిన్న కారణం మాత్రం కాదు. 2012లోనే మైక్రోసాఫ్టు ‘సర్ఫేస్’ అన్న పేరును కూడా ఆ బల్లనుంచి ఊడబెరికి తన టాబ్లెట్లకు పెట్టుకుంది. బల్లకు ‘పిక్సెల్‌సెన్స్’ అన్న పేరు మిగిలింది.

అయినా కన్ను పూర్తిగా మూతపడలేదు. 2018 జనవరిలో చైనా సంస్థ వివో తెర కింద కాంతి గ్రాహకం దాచిన ఫోనును బయటపెట్టింది. వేలు ఆనించిన చోట తెర వెలుగుతుంది. ఆ వెలుగు వేలిముద్ర గీతలకు తగిలి, పిక్సెళ్ళ సందుల్లోంచి కిందికి దిగి గ్రాహకాన్ని చేరుతుంది. మా మేనల్లుడి ఫోనులో ఉన్నదీ ఇటువంటిదే. వాడు తెరపై మందపాటి గాజు అతికించుకున్నాడు. అందుచేత ఆ కన్ను రోజుకు రెండుసార్లయినా వాడిని గుర్తుపట్టదు.